గడ్డకట్టిన గొంపవలస

మా గొంపవలసలో పంతొమ్మిది రోజుల పాటు మజ్జిగచుక్క దొరకలేదు. గేదెలు వట్టిపోయి కాదు, పాలు విరిగీ కాదు. ఊరి మజ్జిగంతా చెరకు చేలు తాగేశాయి. తాగించింది మా కోడలు వకుళ. వ్యవహారం అంతదాకా తెచ్చింది నేను. ఈ సంగతి చెబితే పొరుగూరి వాళ్లు నవ్వుతారు. శారదానదిలో చేప ఎద్దుబండిని లాక్కుపోయిన కథ కూడా వాళ్లకు నేనే చెప్పాను కాబట్టి అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ చేపను కొంచెం పెంచిన మాట నిజం. దీన్ని మాత్రం పెంచలేదు. పెంచడానికి ఇందులో చోటు లేదు.

నా పేరు జోగినాయుడు. బెల్లం వండే మేస్త్రిని. ఊరి బడిలో ఐదో తరగతి వరకు చదివి, ఆ తర్వాత నలభై రెండేళ్లు పెనం ముందు నిలబడ్డాను. పెనమంటే దోసెల పెనం కాదు, నలుగురు మనుషులు కాళ్లు చాపుకుని కూర్చోగలిగిన ఇనప బాణలి. అందులో చెరకు రసం మరుగుతుంటే వీధి చివర నిలబడి, వాసన పట్టి, పాకం లేతో ముదురో చెప్పేవాణ్ణి. తర్వాత బెల్లం వంటలు తగ్గిపోయాయి, మా పొయ్యి ఆరిపోయింది. ఖాళీగా పడున్న బెల్లం పాకలో మా రెండోవాడి భార్య వకుళ ప్రయోగశాల పెట్టింది.

వకుళది తెనాలి. చాలా పెద్ద చదువు. మావాడు ఓడరేవులో పని చేస్తూ ఆదివారాలు వచ్చి పోతుంటాడు. వకుళ మాత్రం ఇక్కడే ఉంటుంది, తనకు కావలసిన చెరకు ఇక్కడుంది కాబట్టి. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ పైడమ్మ, ఈ పిల్ల మొగుడి కోసం రాలేదు, చెరకు కోసం కాపురానికొచ్చిందని ఊరంతా చెప్పుకునేది. ఆ పిల్లే చెరకు దారంతో చీర నేయించి పెట్టాక ఆ మాట మానేసింది.

అవును, చెరకు దారమే. వకుళ చెరకు రసాన్ని పులియబెట్టి, ఆ పులుపును ముక్కకు ముక్క అతికించి పొడుగాటి దారాలు చేసేది. ఆ దారాల ముద్దే ఆవిడ ప్లాస్టిక్. పని అయ్యాక మట్టిలో పడేస్తే మట్టిలో కలిసిపోతుంది. మా ఊరికి అలాంటిది కావాలి. చెరకు మొలకల్ని నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెంచి, నాటేటప్పుడు సంచి చించితే సగం వేళ్లు తెగేవి. చించిన పేలికలు చేలంతా ఎగిరేవి. మా ఊరి గూనూరు సన్యాసప్పడి చూడిగేదె ఆ పేలికలు మేసి చచ్చిపోయింది. సంచితో సహా పాతిపెడితే ఇరవై రోజుల్లో సంచి కుళ్లి, వేళ్లు మట్టిలోకి పోయే ఉపాయం చేసిస్తానని వకుళ రైతులకు మాట ఇచ్చింది.

మాట ఇచ్చినంత తేలిగ్గా సంచి నిలబడలేదు. మొదట్లో చేసినవి ఎండ తగిలితే చాలు, ముసలెద్దు గంగడోలులా వేలాడిపోయేవి. ఎందుకలా అని నేనడిగితే వకుళ నన్ను గుమ్మంలోకి తీసుకొచ్చి, ఎదురుగా అరుగు మీద తల దువ్వుకుంటున్న పైడమ్మను చూపించింది. అత్తయ్యగారి జుట్టు విరబోసినప్పుడు గాలికి ఎటుపడితే అటు పోతుంది, జడ అల్లితే కర్రలా నిలబడుతుంది, నా దారాలూ అంతే అంది. దారాలు చిక్కుపడి ఉంటే ముద్ద మెత్తన. వరసగా సర్దుకుని జడలు పడితే గట్టి. జడలు ఎక్కువైతే నీళ్లు లోపలికి పోలేవు, పురుగు కొరకలేదు, ఇక అది కుళ్లదు. మరీ తక్కువైతే నిలబడదు. ఆ జడ ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా, ఆ మొదలు కోసమే ముద్దలో చిటికెడు పొడి కలుపుతామంది.

“మేం పెనంలో పాత బెల్లం నలిపి ఏస్తాం. అది సూసి కొత్త బెల్లం పలుకు కడతాది” అన్నాను.

వకుళ నావైపు తిరిగింది. “మావయ్యగారూ, ఈ మాట తెలుసుకోవడానికి నేను ఆరేళ్లు చదివాను” అంది. నాకు ఐదేళ్లలోనే అయిపోయింది కాబట్టి ఆ రోజంతా మీసం మెలేసుకుంటూ తిరిగాను.

అప్పట్నుంచి రోజూ పాకకు పోయేవాణ్ణి. ఆవిడ కలపని పొడి లేదు. సుద్ద కలిపితే సంచి అప్పడంలా విరిగింది. కచ్చిక బూడిద కలిపితే నిలబడింది గాని మర్నాటికి చెమర్చింది. తవుడు కలిపినది చీమలు ఎత్తుకుపోయాయి. పొడి పొడికీ ఒక అంకె వేసి పుస్తకంలో రాసుకునేది. ముప్ఫై ఒకటోది గుడ్డు పెంకుల పొడి. దాంతో సంచి సరిగ్గా కుదిరింది. ఇరవై రోజులు నిలబడి, ఇరవై ఒకటో రోజు నుంచి మట్టిలో మెత్తబడటం మొదలుపెట్టింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కాని చదువుకున్న వాళ్లకు కుదిరిన చోట ఆగే అలవాటు లేదు. నలభై మూడో పొడి దాకా పోయింది.

అది అనంతగిరి లోయలో ఎక్కడో దొరికిన తెల్లరాతి పొడి. దాంతో పోసిన గ్లాసు కణకణమంది. సుత్తితో కొడితే సుత్తి కర్ర విరిగింది. చీకటిగా ఉన్న పాకలో అది పటికలా మెరుస్తుంటే నేను గోడకు చేరబడి చూస్తూ ఉండిపోయాను. నా జన్మలో అంత బాగా దిగిన పాకం చూడలేదు. వకుళ మాత్రం పెదవి విరిచింది. రెండు నెలలు పేడకుప్పలో పాతిపెట్టి తీస్తే కడిగిన కొత్త గ్లాసులా వచ్చిందట. ఇది కుళ్లదు, మనకు అక్కర్లేదు అని ఆ గ్లాసును ఆకురాయితో పొడి చేయించి, సీసాలో పోసి, పై అరలో పెట్టేసింది.

ఇక్కడ మా బెల్లం వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఒక పెనం బ్రహ్మాండంగా దిగిందంటే అందులోంచి చిటికెడు తీసి రొంట్లో దోపుకుంటాం. పక్క పెనం దించే ముందు దండం పెట్టి అందులో వేస్తాం. అడిగి వేసేది కాదు, చెప్పి వేసేది అంతకంటే కాదు. చెబితే తోడు పని చేయదంటారు. నా చేతి బెల్లం ఇలా పదకొండు ఊళ్ల పెనాల్లోకి పోయింది. బాగా దిగిన పెనం పక్క పెనానికి మేలు చేస్తుంది గాని కీడు చేయడం నేను చూడలేదు. కుళ్లదు, కుళ్లదు అని కోడలు బెంగపడటం నాకు చదువు ఎక్కువైన వాళ్ల చాదస్తంలా కనిపించింది. నా కోడలి సంచి కాస్త గట్టిగా ఉంటే రైతులు ఇంకాస్త మెచ్చుకుంటారు కదా అనుకున్నాను.

ఊరికిచ్చే సంచుల కోసం పెద్ద పెనం కాగిన రోజున వకుళ ఫోను మాట్లాడటానికి బయటికెళ్లింది. నేను రొంట్లోంచి తీశాను, దండం పెట్టాను, వేశాను, తెడ్డుతో మూడుసార్లు తిప్పాను. చేతికంటిన పొడిని భుజం మీది తువ్వాలుకు తుడుచుకున్నాను.

సంచులు ముచ్చటగా వచ్చాయి. రైతులు మొలకలు పెట్టుకున్నారు, వకుళ చెప్పినట్టే సంచులతో సహా తొమ్మిది ఎకరాల్లో నాటుకున్నారు. నాటిన పన్నెండో రోజు మధ్యాహ్నం రైతు సంఘం ఆవరణలో వకుళకు సన్మానం పెట్టారు. పైడమ్మ చెరకు దారం చీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. పక్కన నేను. ఎండ మండిపోతుంటే, పెళ్లాం మీద ప్రేమ కొద్దీ, నా తువ్వాలుతో ఆవిడకు విసురుతున్నాను.

కాసేపటికి టిక్ అని చప్పుడైంది. ఎండకు రేకు కప్పు విప్పారినట్టు. మళ్లీ టిక్. పైడమ్మ నావైపు తిరగబోయి తిరగలేకపోయింది.

“ఏటయ్యా, నా కోక బిర్రబిగిసిపోతన్నాది” అంది మెల్లగా.

“గంజి ఎక్కువెట్టినావేమో” అన్నాను.

“గంజి కాదు. పమిట రేకైపోనాది. ఓపాలి తట్టి సూడు.”

తట్టి చూస్తే తలుపు తట్టినట్టు మోగింది. బిగువు పమిట నుంచి భుజానికి, భుజం నుంచి కుచ్చిళ్లకు మా కళ్ల ముందే దిగింది. కోడలికి పూలదండ వేయడానికి అత్తగారిని వేదిక మీదికి రమ్మన్నారు. ఆవిడ లేవలేదు. లేవమని నలుగురు ఆడవాళ్లు పట్టి లేపితే కూర్చున్న వాలులోనే పైకి లేచింది. కుర్చీ లేకుండా కూర్చున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. జనం చప్పట్లు కొట్టారు, అదీ కార్యక్రమంలో భాగమేమో అనుకుని.

ఆవిడను అలాగే మోసుకొచ్చి మా వాకిట్లో గోడకు ఆనించారు. చీర విప్పుదామంటే కుచ్చిళ్లు ఒకదానిలో ఒకటి గొళ్లెం పడిపోయాయి. కత్తెర వంగిపోయింది. కొడవలి పెడితే నిప్పురవ్వలు లేచాయి. వకుళ సూదితో చీర అంచు నుంచి నలకంత గీకి, పాకలోకి పరిగెత్తి అద్దం కింద పెట్టి చూసింది. ఆ మొహంలో రక్తం లేదు. “నలభై మూడు” అని మాత్రం అంది. చీరను అలాగే వదిలేసి చేల మీదికి పరిగెత్తింది. నేనూ వెనకాలే పోయాను.

సన్యాసప్పడి చేలో గునపంతో ఒక మొక్క తవ్వింది. సంచి రాతి గిన్నెలా ఉంది. పక్కనున్న బండకేసి కొట్టి పగలగొడదామంటే బండే పగిలింది. లోపల చూస్తే వేళ్లు గోడకు తగిలి వెనక్కి తిరిగి, మొక్క మొదలు చుట్టూ తాడులా చుట్టుకుంటున్నాయి. వకుళ మరో మొక్క తవ్వింది. ఇంకోటి. పది తవ్వేసరికి చేతులు బొబ్బలెక్కాయి. ఎనిమిది రోజుల్లో వేళ్లు బయటికి దారి చూసుకోకపోతే తొమ్మిది ఎకరాలూ ఎండిపోతాయని, తనలో తను అనుకున్నట్టుగా అంది. మళ్లీ నాటడానికి ఊళ్లో మొలకలు లేవు. అదను కూడా దాటిపోయింది.

పొద్దు వాలేసరికి రైతులు మా వాకిట్లో ఉన్నారు. ఎవరూ కేకలు వేయలేదు. వేసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. సన్యాసప్పడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అమ్మా, నీ మాట మీదే పాతినాం. ఇప్పుడేటి సెయ్యమంటావు?” అన్నాడు.

వకుళ చేతులు కట్టుకుని నిలబడింది. పొరపాటు తనదేనంది. ముప్ఫై ఒకటికి బదులు నలభై మూడు సీసా ఎత్తి ఉంటానని, మధ్యాహ్నం నుంచి గుర్తు తెచ్చుకుంటున్నా ఎత్తినట్టు గుర్తు లేదని, గుర్తు లేకపోవడం ఇంకా పెద్ద తప్పని అంది. తన చేతి మీద తనకే నమ్మకం పోయిందట. రేపటి నుంచి పాకకు తాళం వేసి, ఎవరి మట్టిలోనూ తన చేతిది ఏదీ పెట్టనంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తన చేతులకేసి చూసుకుంది, అవి వేరే ఎవరివో అయినట్టు.

నేను అంతదాకా పశువుల పాక గుంజ వెనకాల నిలబడి ఉన్నాను. నా గొప్పలు వినని వాడు ఊళ్లో లేడు. అందులో ఒక్కటీ నిజమని నమ్మినవాడూ లేడు. ఇప్పుడు నిజం చెబితే నమ్ముతారా అనేది ఒక భయం, నమ్మితే ఏమవుతుందనేది ఇంకో భయం. రెండో భయం పెద్దది. అయినా కోడలు చేతులు చూసుకున్న తీరు చూశాక కాళ్లు వాటంతట అవే ముందుకొచ్చాయి.

“నీ సెయ్యి కాదమ్మా. నా సెయ్యి. పై అరలో సీసాలోది సిటికెడు తీసి పెనంలో ఏసినాను. బాగా దిగినాదని ఏసినాను. మా పద్ధతమ్మా అది.”

సన్యాసప్పడు, ఈ ముసలోడు మళ్లీ కథ మొదలెట్టినాడని గొణిగాడు. వకుళ మాత్రం కదల్లేదు. తిడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. రెండూ చేయలేదు.

“ఏ చేత్తో వేశారు?” అంది.

“కుడి సేత్తో.”

“తర్వాత ఆ చెయ్యి దేనికి తుడుచుకున్నారు?”

తువ్వాలు చూపించాను. ఆవిడ తువ్వాలు చూసింది, గోడకు ఆనించిన అత్తగారిని చూసింది. మెల్లగా ఆ మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఇప్పటిదాకా నా మీద కోపం చూపించిన రోజులు చాలా ఉన్నాయి గాని, ఆ నిమిషంలో మాత్రం ఆవిడ మొహంలో ఉన్నది కోపం కాదు. పోయిన వస్తువు దొరికిన మనిషి మొహం. తన చేయి తప్పు చేయలేదు. పైగా ఇంతదాకా ఎవరూ చూడని వింత ఒకటి తేలింది. ఈ జడ అంటుకుంటుంది. ఆ పలుకు నలకంత తగిలితే చాలు, పక్కనున్న చెరకు దారాలన్నీ దాన్ని చూసి అలాగే అల్లుకుపోతాయి. నా తువ్వాలు విసురుకే చీర రాయైంది.

పొడి వేసిన రోజు నుంచి నేను ఏమేం ముట్టుకున్నానో చెప్పమంది, పుస్తకం తీసుకుంది. నేను చెబుతూ పోయాను. టీ కొట్టు బల్ల, బడి గేటు, రెండు మేకలు, వీరభద్రుడి గుడి గంట, కరణం గారి బట్టతల. ఆ బట్టతల ఎందుకు ముట్టుకున్నావని అందరూ అడిగారు. నున్నగా ఉంటే ముట్టుకున్నాను. ఆవిడ పుట మీద పుట రాసి చివరికి కలం మూసేసింది. ఊరంతా అంటిందనుకుందాం అంది.

ఈ గొడవలో పైడమ్మను అందరూ మర్చిపోయారు. నిజం తెలిశాక నన్ను కొట్టాలని ఆవిడకు బలమైన కోరిక పుట్టింది గాని చెయ్యి లేవదు. పొరుగింటి గౌరి జాలిపడి చెంబుతో పుల్లటి మజ్జిగ నోటికి అందించింది. తాగుతూ తాగుతూ నన్ను తిట్టబోయేసరికి సగం మజ్జిగ ఒళ్లో ఒలికింది. తిట్టు మధ్యలో ఆగిపోయింది.

“ఒలమ్మ, ఇక్కడ మెత్తబడ్డాది” అంది పైడమ్మ.

వకుళ వచ్చి వేలుతో నొక్కింది. మజ్జిగ పడిన మేర చీర గుడ్డలా వంగింది. కాసేపు అలాగే నొక్కుతూ నిలబడి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. చెరకు రసంలోంచి తాను తీసే పులుపూ మజ్జిగలోని పులుపూ ఒకటేనట. పొడుగు దారాలన్నీ ఆ పులుపు ముక్కలు అతికించి చేసినవే. అదే పులుపు పొట్టి ముక్కలుగా వచ్చి జడలో దూరితే, ఇంటి మనిషే కదా అని జడ దారి ఇస్తుంది. పాయలు వదులవుతాయి. వదులైన చోట నీళ్లు దూరతాయి, నీళ్ల వెనక మట్టిలోని పురుగు దూరుతుంది. ఈ మాటలు ఆవిడ మాకు చెప్పలేదు, అత్తగారి ఒళ్లో చెంబు చెంబు మజ్జిగ పోస్తూ చీరకు చెప్పింది. ఏడు కుండలకు పైడమ్మ బయటపడింది. బయటపడ్డాక నన్ను కొట్టింది కూడా. దానికి ఊరంతా సాక్ష్యం.

మర్నాడు తెల్లవారగానే గొంపవలస మజ్జిగ చేలకు నడిచింది. కుండలు, బిందెలు, తవ్వలు, పిల్లలు తాగే గిన్నెలు. ప్రతి మొక్క మొదట్లో గరిటెడు. ఏ ఇంట్లోనూ అన్నంలో పెరుగు కలపనివ్వలేదు, తోడు పెట్టడం ఆలస్యం, చిలికి పట్టుకెళ్లడమే. సన్యాసప్పడు తన ఆరు గేదెల పాడినీ అటే తిప్పాడు. ఆ రోజుల్లో మా ఊరికి వచ్చిన కొత్తల్లుడొకడు భోజనం చివర మజ్జిగ అడిగితే, మామగారు చేను చూపించి, అల్లుడుగారి వాటా అక్కడుంది, పోయి తాగమన్నాడట. ఊరి పిల్లులు మకాం చేలకు మార్చాయి. గాలి తిరిగితే పుల్లటి వాసన నది అవతలి ఊళ్లకు పోయి, అక్కడి వాళ్లకు ఆకలి వేసేది.

వకుళ రోజూ ఒక మొక్క తవ్వి చూసేది. మొదటి రోజు ఏమీ లేదు. మూడో రోజు సంచి గోడ మీద చిన్న మచ్చ. ఐదో రోజు మచ్చ మెత్తబడింది. ఆరో రోజు పొద్దున్న నన్ను పిలిచి, మట్టిని ఊది చూపించింది. సంచి గోడలోంచి వెంట్రుకంత తెల్లని వేరు బయటికి తొంగి చూస్తోంది. సన్యాసప్పడు బోర్లా పడుకుని మరీ చూశాడు. లేచి మట్టి దులుపుకుని వకుళకు తలపాగా వంచి దండం పెట్టి, నావైపు చూసి తల అడ్డంగా తిప్పుకుంటూ పోయాడు. పంతొమ్మిదో రోజుకు తొమ్మిది ఎకరాలూ బతికాయి. ఆ ఏడు చెరకు కాస్త పుల్లగా ఉందని నేను చెబుతుంటాను. అది పెంచిన ముక్క.

పెంచకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పంట దక్కింది గాని సంచి పోయింది. ఆ తర్వాత వకుళ మా పాకలో ఏ పొడి కలిపినా, ఏమీ కలపకపోయినా, ముద్ద నలభై మూడుగానే దిగేది. పెనం మార్చింది, నేల కడిగించింది, గోడలకు మజ్జిగ కొట్టించింది. ఎక్కడో ఒక నలక మిగిలి ఉండేది. మజ్జిగ కలిపి వదులు చేద్దామంటే సంచి రెండు రోజులకే జారిపోయేది. మాటిచ్చింది ఇరవై రోజులు నిలబడి కుళ్లే సంచి. అలాంటిది ఈ గాలిలో ఇక పుట్టదని తేలింది.

చింతపల్లి దారిలో, కొండ మీద, మా ఊరి మనిషి ఎన్నడూ అడుగుపెట్టని చోట కొత్త ప్రయోగశాల కట్టించారు. మొదటి రోజు వకుళ మూడుసార్లు తలంటుకుని, గోళ్లు తీయించుకుని, కొత్త బట్టలు కట్టుకుని లోపలికి వెళ్లింది. మధ్యాహ్నానికి పెనం రాయైంది. పెనం మార్చి మళ్లీ వెళ్లింది. మళ్లీ రాయే. పది సంవత్సరాలు ఆ ముద్దతో బతికిన మనిషి కదా, అది ఆవిడ జుట్టులో ఉందో, ఊపిరిలో ఉందో ఎవరు చెప్పగలరు. మూడోసారి గుమ్మం దాకా పోయి ఆగిపోయింది. వెనక్కి వచ్చి, నలభై అడుగుల దూరంలో ఉన్న రేకుల చావడిలో కూర్చుంది. ఆ చావడి నా కోసం వేసింది. నన్ను గేటు దగ్గరే ఆపేస్తారని ముందే తెలుసు కాబట్టి.

అప్పట్నుంచి ఆవిడ ప్రయోగాలన్నీ ఫోనులోనే. లోపల పాంగి చిలకమ్మ అనే కొండ పిల్ల ఉంది. పాడేరులో డిగ్రీ చదివింది. చెరకు చేను బొమ్మల్లో తప్ప చూడలేదు. పెనం కడిగి అంతా మొదట్నుంచి మొదలుపెట్టాక వకుళ ఇక్కణ్నుంచి చెబుతుంది, చిలకమ్మ అక్కడ కలుపుతుంది. నేను మధ్యలో భోజనం క్యారేజీ విప్పుతాను, అడగని కథలు చెబుతాను. కొన్నాళ్లు వకుళ నాతో మాట్లాడలేదు. ఒక రోజు పచ్చడి బాగుందంది. ఇంకో రోజు, ఆ చేప నిజంగా ఎంత ఉంటుంది మావయ్యగారూ అని అడిగింది. రెండు చేతులూ చాచి చూపించాను. నవ్వి, అందులో సగం అనుకుంటానంది.

మొన్న మాఘంలో, మంచు విడిచిన పొద్దుట, చిలకమ్మ కిటికీ అద్దం వెనక్కి వచ్చి నిలబడింది. చేతిలో సంచి ఉంది. దాన్ని రెండు వేళ్లతో వంచింది. వంగింది. వదిలితే మెల్లగా నిటారుగా నిలబడింది. పేడలో ఇరవై రోజులు పాతిన ఇంకో సంచిని పళ్లెంలో పట్టుకొచ్చి ఎత్తి చూపించబోయింది. ఎత్తేలోపే అది ముక్కలై పళ్లెంలోనే రాలిపోయింది. చిలకమ్మ నవ్వుతూ చేయి ఊపింది.

వకుళ లేచి నిలబడింది. రెండడుగులు ముందుకు వేసింది. కుడి చెయ్యి దానంతట అది చాచుకుంది. అక్కడ గీసిన సున్నం గీత కాలికి తగలగానే ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“చేతికి ఎలా ఉంది, చిలకమ్మా?”

చిలకమ్మ కిటికీ వెనక సంచిని మళ్లీ నొక్కింది, ఆలోచించింది.

“తడిసిన అడ్డాకు విస్తరిలాగ ఉందమ్మా.”

వకుళ కళ్లు మూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ ఉత్తి గాలిలో మెల్లగా రాసుకున్నాయి.

“ఇంకోసారి చెప్పు” అంది.

“తడిసిన అడ్డాకులాగమ్మా. కొంచెం చల్లగా కూడా ఉంది. అంచు దగ్గర పలచగా ఉంది, వేలు కనిపిస్తోంది.”

వకుళ తల ఊపింది. వేళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

“ఇప్పుడు లోపలి వైపు నొక్కి చెప్పు” అంది.